తెర మీది సిపాయి, చికాకోలు సిపాయి

సాహిత్య విమర్శకు కేటాయించుకున్న పత్రికలో వీడియో గేమును గురించి వ్యాసమేమిటని కొందరు పెద్దలు అడగవచ్చు. ప్రజల బుద్ధి మీద పనిచేసేది ఏదైనా విమర్శకు వస్తువే. నాటకం మీద, బుర్రకథ మీద, సినిమా మీద విమర్శ తన దృష్టి సారించినప్పుడల్లా ఈ ప్రశ్నే ఎదురైంది. ప్రతిసారీ దానికి జవాబు కాలమే చెప్పింది. ఈనాడు శ్రీకాకుళంలోగాని, విజయనగరంలోగాని డిగ్రీ చదివే కుర్రవాడి మనసులో పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధాన్ని గురించి ఏదైనా బొమ్మ వుంటే, అది పాఠ్యపుస్తకం వేసిన బొమ్మ అని గట్టిగా చెప్పలేం. కొంత సినిమా వేసింది. మిగిలింది కంప్యూటరు తెర మీది వ్యూహక్రీడ వేస్తున్నది. చరిత్ర బోధించే ఉపాధ్యాయుడు తరగతిలో అడుగుపెట్టేలోగానే మరొక ఉపాధ్యాయుడు వచ్చి పాఠం చెప్పి వెళ్ళిపోతున్నాడన్న మాట. ఆ పాఠంలో ఏముందో చూడటం మన పని.

ఈ వ్యాసానికి రెండు క్రీడల్ని తీసుకుంటున్నాను. ఒకటి, ఇంగ్లండులోని క్రియేటివ్ అసెంబ్లీ సంస్థ తయారుచేయగా 2009లో వెలువడిన ‘ఎంపైర్: టోటల్ వార్’. 1700 మొదలు 1799 వరకు నడిచిన సామ్రాజ్యాల పోటీ దీని ఇతివృత్తం. యూరపు, అమెరికా, ఇండియా మూడూ దీని రంగస్థలాలు. రెండవది, 2007లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3: ది ఏషియన్ డైనస్టీస్’. ఇందులో భారతీయుల పక్షాన కూడా ఆడవచ్చు. ఈ రెండింటిలోనూ నేను పరిశీలించదలచింది ఒకే ఒక్క పాత్రను. అది లైట్ ఇన్‌ఫంట్రీ, అంటే తేలిక కాల్బలం. ఆ పాత్రనే ఎందుకంటే, సైనికుడు మనిషా, పనిముట్టా అన్న ప్రశ్న యుద్ధచరిత్రలో అందరికన్న ముందు అతనితోనే తలెత్తింది.

తేలిక కాల్బలమంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దపు యూరపు సైన్యం వరుసకట్టి పోరాడేది. భుజం భుజం ఆనించి మూడు వరుసలుగా సైనికులు నిలబడతారు. అధికారి ఆజ్ఞ ఇస్తే అందరూ ఒక్కసారి కాలుస్తారు, ఒక్కసారి తుపాకులు దట్టించుకుంటారు. ఎవడూ గురి చూడనవసరం లేదు. ఎవడూ ఆలోచించనవసరం అసలే లేదు. తేలిక కాల్బలం తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాళ్ళు చెదురుమదురుగా విడిపోయి, చెట్టుచాటునో గట్టుచాటునో నిలిచి, ఎవడి లక్ష్యాన్ని వాడు ఎన్నుకొని కాలుస్తారు. శత్రువు మీదికి వస్తే వెనక్కి తగ్గుతారు, మళ్ళీ మరో చోట నిలుస్తారు. ఇక్కడ నేలను చదవడం, సమయం కనిపెట్టడం, ప్రాణం కాపాడుకుంటూ పని సాధించడం అన్నీ సైనికుడి బుద్ధి మీద ఆధారపడి వుంటాయి.

ఎంగెల్సు 1878లో పుస్తకంగా వచ్చిన ‘యాంటీ డ్యూరింగ్’లో బలప్రయోగ సిద్ధాంతాన్ని ఖండిస్తూ ఈ మార్పును గురించి ముఖ్యమైన మాటలు చెప్పాడు. ఆయన వాదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా వుంటుంది. కూలికి తెచ్చిన సైనికులతో నిండిన రాజుల సైన్యాలకు వరుస తప్ప గత్యంతరం లేదు. బెత్తం కింద నిలబెట్టిన మనిషిని విడిగా వదిలితే పారిపోతాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో తిరుగుబాటుదార్లకు కవాతు రాదు. అయితే తుపాకి బాగా పేల్చగలరు. అంతకన్న ముఖ్యం, వాళ్ళు పోరాడుతున్నది తమ కోసం. అందుచేత అడవుల్లో విడివిడిగా వుండికూడా పారిపోలేదు. ఎదురుగా నిలిచిన వరుసలు వాళ్ళను ఏమీ చేయలేకపోయినాయి. తర్వాత ఫ్రెంచి విప్లవసేన అదే పద్ధతిని విస్తరించింది. అంటే తేలిక కాల్బలం పుట్టింది కొత్త ఆయుధంలోంచి మాత్రమే కాదు, సైనికుడికీ యుద్ధానికీ మధ్య ఏర్పడిన కొత్త సంబంధంలోంచి. ఇంగ్లీషు సైన్యం కూడా ఈ గుణపాఠం నేర్చుకోక తప్పలేదు. 1803లో షార్న్‌క్లిఫ్ శిబిరంలో జాన్ మూర్ తేలిక దళాలకు శిక్షణ ఇచ్చినప్పుడు, దెబ్బలకు భయపడే సైనికుణ్ణి కాక ఆలోచించగల సైనికుణ్ణి తయారుచేయడమే లక్ష్యంగా పెట్టుకున్నాడు.

ఇప్పుడు తెర మీదికి వద్దాం. ‘ఎంపైర్’లో తేలిక కాల్బలం పెళపెళలాడే వరుసగా కాక విడివిడిగా నడుస్తుంది. చూడటానికి ముచ్చటగా వుంటుంది. ఒక్కొక్క సైనికుడూ ఒక్కొక్క భంగిమలో వుంటాడు. కాని మీట నొక్కితే తప్ప ఎవడూ కదలడు. ‘ఫైర్ ఎట్ విల్’ అనే మీట ఒకటి వుంది. మీ ఇష్టం వచ్చినట్టు కాల్చుకోండి అని దాని భావం. ఆ ఇష్టం కూడా ఆటగాడు మీట నొక్కి ఇచ్చేదే, మళ్ళీ నొక్కి లాక్కునేదే! శత్రువు దగ్గరికొస్తే తమంతట తాము వెనక్కి తగ్గడానికి ఇంకొక మీట. దళానికి గురి ఎంత, దగ్గరపోరులో బలమెంత, మనోధైర్యమెంత అనేవి అంకెలుగా వుంటాయి. మనోధైర్యం అంకె తగ్గిపోతే దళం తెల్లజెండా ఎత్తి పారిపోతుంది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’లో లెక్క మరీ సులువు. భారీ కాల్బలం గుర్రాలను కొడుతుంది, గుర్రాలు తేలిక కాల్బలాన్ని కొడతాయి, తేలిక కాల్బలం భారీ కాల్బలాన్ని కొడుతుంది. మూడూ కలిసి ఒక చక్రం.

ఈ ఆటల్లో మంచి లేదని నేను అనను. వాటిలో ఒక నిజం వుంది; అది మన చారిత్రక సినిమాల్లో లేదు. సైన్యం తిండి తింటుంది. ‘ఎంపైర్’లో ప్రతి దళానికీ మొదట పెట్టే ఖర్చు ఒకటి, ప్రతి విడతకూ పోషణ ఖర్చు ఒకటి. ఖజానా ఎండిపోతే ఎంతటి సేనానాయకుడైనా ఏమీ చేయలేడు. ఖజానా నిండాలంటే పన్ను వేయాలి. ఈ ఆటలో పన్ను రేటు పై తరగతికి ఒకటి, కింది తరగతికి ఒకటి విడిగా వుంటాయి. ప్రజల అసంతృప్తి కూడా అలాగే తరగతుల వారీగా లెక్కకు వస్తుంది. కింది తరగతి మీద పన్ను పెంచుతూ పోతే ఒకనాటికి తిరుగుబాటు సేన పుట్టుకొస్తుంది. యుద్ధం వీరుల మీసాల మీద కాక రైతు శిస్తు మీద నడుస్తుందని, సమాజంలో వర్గాలున్నాయని ఒక వ్యాపార సంస్థ అమ్మే ఆట ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. విద్యార్థి దీన్ని గమనిస్తే మేలే.

కాని ఈ నిజాన్ని ఆట ఎక్కడ నిలబడి చూస్తున్నదనేది అసలు ప్రశ్న. వర్గాలు కనిపిస్తున్నాయి, గాని దివాణంలో కూర్చున్నవాడికి కనిపించేటట్టు కనిపిస్తున్నాయి. పన్ను ఎంత పెంచితే తిరగబడతారో అంచనా వేసి, అంతకు ఒక మెట్టు కింద ఆపుకోవడమే ఆటగాడు నేర్చే విద్య. పోషణ ఖర్చు ఖజానా పుస్తకంలో వుంటుంది. జీతం రాని సిపాయి ఇంట్లో దాని లెక్క ఎలా వుంటుందో తెర మీద వుండదు. మన శ్రీకాకుళం కథకుడు కాళీపట్నం రామారావు 1964లో ‘యజ్ఞం’ రాసినప్పుడు అప్పును గురించే రాశాడు. అయితే ఆ లెక్కను అప్పిచ్చినవాడి పద్దు పుస్తకంలోంచి చూడలేదు, అప్పల్రాముడి బతుకులోంచి చూశాడు. అంకెలు అవే కావచ్చు. చూపు మారేసరికి అవి చెప్పే కథ మారిపోతుంది. మన విమర్శకు గీటురాయి ఇదే.

ఈ గీటురాయి మీద ఆటలోని తేలిక కాల్బలాన్ని పరీక్షించడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. శ్రీకాకుళం పేరుతోనే ఒక తేలిక కాల్బలం వుండేది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో కొన్ని దేశీయ దళాలను పందొమ్మిదో శతాబ్దం రెండవ దశకంలో తేలిక కాల్బలంగా మార్చారు. పాలయంకోట, తిరుచిరాపల్లి, వాలాజాబాదు పేర్లతో ఒక్కొక్కటి, మన పట్టణం పేరుతో ఒకటి. ఇంగ్లీషువాళ్ళు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు గనుక అది ‘చికాకోల్ లైట్ ఇన్‌ఫంట్రీ’ అయింది. 1824లో రెజిమెంట్లకు కొత్త అంకెలు వేసినప్పుడు అది 34వ మద్రాసు దేశీయ కాల్బలమైంది. పేరు ఊరిది, ఆజ్ఞ మద్రాసుది, లాభం లండనుది.

ఇక్కడొక చిక్కు వుంది. ఎంగెల్సు చెప్పినట్టు, విడివిడిగా వదిలినా పారిపోని సైనికుడు కావాలంటే ఆ యుద్ధం వాడిది కావాలి. కంపెనీ యుద్ధం సిపాయిది ఎలా అవుతుంది? సిపాయికి ఆలోచన నేర్పాలి, కాని ఆ ఆలోచన గట్టుచాటు దగ్గరే ఆగిపోవాలి. ఎక్కడ నిలబడి కాల్చాలో వాడు నిర్ణయించుకోవచ్చు. ఎవరిని కాల్చాలో, ఎందుకు కాల్చాలో నిర్ణయించుకోకూడదు. ఈ దళాలు ఏర్పడటానికి కొద్ది సంవత్సరాల ముందే, 1806 జూలై 10న, వేలూరు కోటలో మద్రాసు సిపాయిలు తలపాగా విషయమై, ఇతర అవమానాల విషయమై తిరగబడి తెల్ల అధికారులను చంపారు. ఆ జ్ఞాపకం చల్లారకముందే కంపెనీ అదే సైన్యంలోని మనుషులకు విడివిడిగా పోరాడే విద్య నేర్పవలసివచ్చింది. క్రమంగా వచ్చే జీతం, బత్తెం, పింఛను ఆశ ఒక పక్క, కోర్టు మార్షల్ మరొక పక్క పెట్టి ఆ ఆలోచనకు కంచె కట్టింది. కంపెనీ తేలిక కాల్బలం చరిత్రలో నాటకీయమైన విషయమంటూ వుంటే అది ఈ వైరుధ్యమే. మన రెండు క్రీడల్లోనూ సున్నా అయింది సరిగ్గా ఇదే. తెర మీది సిపాయికి కంచె అక్కరలేదు. ఎందుకంటే వాడికి ఆలోచనే లేదు.

కంచె తెగిన సందర్భం మన తీరంలోనే వుంది. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో, హైదరాలీతో పోరాడుతున్న మద్రాసు సైన్యానికి సాయంగా ఓడ ఎక్కమని సర్కారు సిపాయిలకు ఆజ్ఞ అయింది. వాళ్ళు ఎక్కలేదు. ఒక సుబేదారు నాయకత్వాన తుపాకులు తిప్పి, కొందరు ఇంగ్లీషు అధికారులను అక్కడికక్కడే కాల్చారు. ఇది వేలూరుకు పాతికేళ్ళ ముందటి మాట. 1857కు 77 ఏళ్ళ ముందటి మాట. చివరికి ఆ తిరుగుబాటు అణగిపోయింది. దాన్ని స్వాతంత్ర్య పోరాటమని ఇప్పటి పేరు పెట్టి పొగడటం శాస్త్రీయం కాదు. కాని ‘ఈ యుద్ధం మాది కాదు, ఈ ఓడ మేం ఎక్కం’ అని ఒక దళం నిలబడటంలో రాజకీయం లేదని ఎవరనగలరు? ఆటలో ఇటువంటిది జరగడానికి వీలే లేదు. దళాన్ని ఓడ మీదికి పంపాలంటే మీట నొక్కడమే. ఆటకు తెలిసిన అవిధేయత ఒక్కటే: భయపడి పారిపోవడం. మనోధైర్యం తగ్గితే తెల్లజెండా. ఆలోచించి, నిలబడి, కాదనడం అనేది ఆ నిఘంటువులో లేదు. సిపాయికి పిరికితనాన్ని ఇచ్చి వివేకాన్ని ఇవ్వకపోవడం ఆ కాలపు కల్నళ్ళ దృష్టి. కల్నళ్ళు పోయి ఎన్నాళ్ళో అయినా ఆ దృష్టి అంకెల రూపంలో బతికే వుంది.

సిపాయిలకు కూడా ఈ భేదాలు పట్టేవి కావు, అంతా తెల్లవాళ్ళే చేశారు అని కొందరనుకుంటారు. 1758 డిసెంబరులో పిఠాపురం ప్రాంతాన చందుర్తి దగ్గర జరిగిన పోరు చూడండి. విజయనగరం ఆనంద గజపతిరాజు పిలుపు మీద బెంగాలు నుంచి వచ్చిన కల్నల్ ఫోర్డు, కాన్‌ఫ్లాన్ అధీనంలోని ఫ్రెంచి సేనను అక్కడ ఓడించాడు. ఫోర్డు దగ్గర తెల్ల సోల్జర్లు కొన్ని వందలు, సిపాయిలు సుమారు రెండు వేలు. ఏపుగా ఎదిగిన పంటచేను తెల్ల పటాలాన్ని కప్పేసింది. ఎర్రకోట్లు తొడిగిన సిపాయిలనే తెల్లవాళ్ళనుకొని ఫ్రెంచివాళ్ళు వాళ్ళ మీద విరుచుకుపడ్డారు. ఆ దెబ్బ సిపాయిల మీద పడింది. ఆ తర్వాతే తెల్ల పటాలం పక్కనుంచి వచ్చి గెలుపు దక్కించుకుంది. కొద్ది నెలల తర్వాత, 1759లో మచిలీపట్నం ముట్టడికి ముందు, ఫోర్డు తెల్ల సోల్జర్లే తమకు రావలసిన డబ్బు కోసం ఎదురుతిరిగితే, కొల్లసొమ్ములో వాటా ఇస్తానని ఆయన మాట ఇవ్వవలసివచ్చింది. అంటే జీతం, వాటా, న్యాయం, అన్యాయం అన్నవి నల్లవాడికీ తెల్లవాడికీ కూడా పట్టినవే. తెర మీది దళాలకు మాత్రం ఎవరికీ ఏమీ పట్టవు.

ఈ సిపాయిలను ఉత్తరాదివాళ్ళు ఏమని పిలిచారో గుర్తుచేసుకోవాలి. ఇంగ్లీషువాళ్ళ వెంట మద్రాసు వైపునుంచి మొదట వెళ్ళిన సిపాయిలలో తెలుగువాళ్ళున్నందువల్ల బెంగాలులో, హిందుస్థానంలో సిపాయి అంటేనే ‘తిలంగా’ అయింది. ఆ తర్వాత అవధులోనో, బీహారులోనో చేరిన సిపాయి కూడా తిలంగాయే. నూరేళ్ళు గడిచి 1857లో ఢిల్లీని పట్టుకున్న తిరుగుబాటు సిపాయిలను గురించి ఆ నగరపు ఉర్దూ రచయితలు రాసినప్పుడు కూడా వాళ్ళు ‘తిలంగే’లే. కంపెనీ సేవకుడికి పెట్టిన మన జాతి పేరు, కంపెనీ మీద తిరగబడినవాడి పేరుగా పరిణమించింది.

ఇంకొక మాట మన నాలుక మీదే వుంది. పత్రికల్లో పోలీసు సిబ్బంది, ఆసుపత్రి సిబ్బంది అని రోజూ చదువుతాం. కంపెనీ నాటికి సిబ్బంది అంటే సరిహద్దు యుద్ధాలకు పోయే పటాలం కాదు. శిస్తు వసూలుకు, మన్యాల్లో జమీందార్లను, రైతులను అణచడానికి పెట్టుకున్న చిల్లర కాల్బలం. తక్కువ జీతం, తక్కువ శిక్షణ, వూరి మీద పడితే మాత్రం ఎక్కువ అధికారం. యూరపు తేలిక కాల్బలానికీ ఈ సిబ్బందికీ పోలిక తేలికదనం వరకే. వాళ్ళ ఎదుట శత్రుసైన్యం వుండేది, వీళ్ళ ఎదుట రైతు కళ్ళం వుండేది. ‘ఎంపైర్’లో పన్ను రేటు మార్చగానే డబ్బు తనంతట తాను ఖజానాలో పడుతుంది. ఆ డబ్బును కళ్ళం దగ్గరనుంచి తెచ్చిన సిబ్బంది తెర మీద కనపడదు. యుద్ధం ఖర్చును చూపించిన ఆట, వసూలు హింసను దాచింది.

ఇక జాతుల విషయం. ‘ఏషియన్ డైనస్టీస్’లో భారతీయుల రాజధాని ఢిల్లీ. వాళ్ళ కాల్బలంలో సిపాయి వుంటాడు. కత్తి పట్టినవాడు రాజ్‌పుత్. దూరంనుంచి గురిచూసి కాల్చే తేలిక కాల్బలం గూర్ఖా. కంపెనీ గూర్ఖా పటాలాలను కట్టింది 1815లో, నేపాలు యుద్ధం దరిమిలా. దానికి అర్ధశతాబ్దం ముందే యుద్ధరంగంలో వున్న తిలంగాకు మాత్రం ఈ ఆటలో పేరు లేదు. దీనికి కారణం తయారీదార్ల అజ్ఞానం మాత్రమే కాదు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా వున్న రాబర్ట్సు, దక్షిణాది సిపాయిలో పోరాటపటిమ చచ్చిందని తీర్మానించి, ఇండియా సైన్యాధిపతి అయినాక ఉత్తరాది ‘వీరజాతుల’ వైపు సైన్యాన్ని మళ్ళించాడు. 1880 తర్వాతి కుదింపుల్లో చికాకోల్ లైట్ ఇన్‌ఫంట్రీ కూడా అంతరించింది. తెలుగువాడి చేరిక క్రమంగా నిలిచిపోయింది. ఒక జాతికి పుట్టుకతో వీరత్వం, మరొక జాతికి పుట్టుకతో చేతగానితనం వుంటాయన్నది 1857 తర్వాత సామ్రాజ్యవాదం తన భద్రత కోసం కల్పించుకున్న సిద్ధాంతం. ఆనాడు అది సైనిక చేరిక పుస్తకాల్లో వుండేది. ఈనాడు ఆటలో గూర్ఖాకు ఒక గుణం, రాజ్‌పుత్‌కు ఒక గుణం, తెలుగువాడికి శూన్యం అన్న రూపంలో వుంది. సిద్ధాంతమని చెబితే విద్యార్థి ప్రశ్నిస్తాడు. ఆట నియమమని చెబితే నేర్చుకుంటాడు. ప్రమాదం అక్కడుంది. పైగా ఇదే ఆటలో 1857 తిరుగుబాటు మీద ఒక కథాభాగం వుంది. కథానాయకుడు కంపెనీని విడిచి సిపాయిల పక్షాన చేరతాడు. ఉద్దేశం మంచిదే. అయినా తిరగబడాలని నిర్ణయించేది నాయకుడు. సిపాయిలు మీట నొక్కితే నడిచే సిపాయిలే. కథ ఒకటి చెబుతుంటే నియమం ఇంకొకటి చెబుతున్నది.

ఇంతకూ మన సొంత సాహిత్యం ఇంతకన్న మెరుగా? నిజాయితీ వుంటే ఈ ప్రశ్న వేసుకోవాలి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం రాజు విజయరామరాజు సేన ఒక పక్క, బొబ్బిలి వెలమలు ఒక పక్క. పాటలు, కథలు పుట్టాయి. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’, 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ సినిమాలు వచ్చాయి. వీటన్నిటిలో మనకు తెలిసినవాళ్ళు రంగారావు, పాపారాయుడు, విజయరామరాజు, బుస్సీ, మల్లమ్మ. బుస్సీ ఫిరంగులు లాగినవాడెవడు? విజయరామరాజు జెండా కింద ఈటె పట్టుకొని కోటగోడ ఎక్కి చచ్చినవాడెవడు? వాడు బొబ్బిలి మీద ఏ పగతో వచ్చాడు? రెండు దివాణాల పౌరుషం మధ్య నలిగిన ఆ కాలిబంట్లకు మన కవిత్వంలో కూడా ముఖం లేదు. అంటే ఆటలోని దళానికీ, మన వీరగాథలోని సేనకూ ఈ విషయంలో భేదం స్వల్పం. పాతదానికి భూస్వామ్య దృష్టి, కొత్తదానికి వ్యాపార సామ్రాజ్య దృష్టి. దేశభక్తి పేరుతో ఆటను తిట్టి బొబ్బిలి కథకు హారతి పడితే మన విమర్శ సగంలో ఆగిపోతుంది.

తేలిక కాల్బలం పద్ధతి తన యజమాని చేతిలోంచి జారి తన అసలు స్వభావాన్ని చూపించిన సందర్భం మన మన్యంలో వుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచివున్న ఆ దళం, ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవార్డు, హేటర్ అనే తెల్ల అధికారులను గురిచూసి కాల్చింది. చెట్టుచాటు, విడివిడి నిలకడ, గురి – షార్న్‌క్లిఫ్‌లో నేర్పిన విద్యే. ఎవరిని కాల్చకూడదో కూడా తెలిసివుండటం మాత్రం ఏ శిబిరమూ నేర్పని విద్య. ఆ కొండదొరలకు కవాతు రాదు. యుద్ధం మాత్రం వాళ్ళది. ముఠాదార్ల హక్కులు, పోడు, అడవి చట్టాలు, ఘాటురోడ్ల మీద వెట్టిచాకిరీ, ఇవీ దానికి కారణాలు. మలబారు పోలీసులు చాలక చివరకు అస్సాం రైఫిల్సును తెప్పించారు. వ్యూహక్రీడలో ఇటువంటి దళం వస్తే అది ఎవరి పక్షమూ కాని ‘రెబెల్స్’ అనే గుంపు. పన్ను రేటు తప్పుగా పెట్టిన పాలకుడికి పడిన జరిమానా. దానికి లక్ష్యం లేదు, కోరిక లేదు, దాని పక్షాన ఆడే వీలు లేదు.

ఆటంటే ఆటే, దానికి నియమాలు సులువుగా వుండాలి, సిపాయి మనసు అందులో ఎలా ఇముడుతుంది అని ఒక ఆక్షేపణ రావచ్చు. ఈ ఆక్షేపణ చేసేవాళ్ళు మన గుడి అరుగుల మీద, రచ్చబండల మీద గీసివుండే పులిజూదాన్ని మరిచిపోయారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి దూకి చంపే బలం వుంది. మేకకు పక్క మేక తప్ప బలం లేదు. మేకలు ఒక్కొక్కటిగా చస్తాయి, కలిసి నిలబడితే పులిని కదలకుండా కట్టేస్తాయి. నియమాలు అయిదు నిమిషాల్లో నేర్చుకోవచ్చు. అయినా ఆ ఆట బలహీనుల పక్షాన కూర్చుని ఆడవచ్చు, గెలవవచ్చు. నియమంలోనే ఒక లోకజ్ఞానం వుంది. చదువురాని మనుషులు రాతి మీద గీసిన ఆటకు సాధ్యమైనది, లక్షల కొద్దీ సొమ్ము పెట్టి తయారుచేసిన ఆటకు ఎందుకు సాధ్యం కాదు? సాధ్యం కాక కాదు. అమ్ముడుపోయే ఆటలో కొనేవాడు రాజుగా వుండాలన్న నమ్మకం అడ్డం వస్తున్నది.

అందుచేత మన విద్యార్థులకు ఆడవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆడనివ్వండి. అయితే ఆడుతున్నప్పుడు మూడు ప్రశ్నలు పక్కన పెట్టుకోమని చెప్పాలి. ఈ దళానికి జీతం ఎవరి కళ్ళం నుంచి వచ్చింది? ఈ దళం కాదంటే ఏమవుతుంది? ఈ ‘రెబెల్స్’ ఏమి కోరుతున్నారు? ఈ మూడింటికీ తెర మీద జవాబు దొరకదు. దొరకదని తెలుసుకోవడమే చరిత్ర చదవడానికి మొదటి మెట్టు. శ్రీకాకుళం, విజయనగరం కళాశాలల చరిత్ర అధ్యాపకులు ఆ మెట్టు మీద నిలబడిన విద్యార్థికి పాత జిల్లా గెజిటీర్లు తెరిచి, 1780లో ఓడ ఎక్కనన్న సిపాయిని చూపిస్తే ఎంత పని జరుగుతుంది!

రచయితల పని ఇంకా పెద్దది. చికాకోల్ లైట్ ఇన్‌ఫంట్రీ మీద మనకొక నవల లేదు. తన వూరి పేరు బొత్తాము మీద ధరించి, తనది కాని యుద్ధాలకు నడిచి, చివరకు వీరజాతి కావు పొమ్మనిపించుకున్న ఆ మనిషిని గురించి రాయాలి. అతన్ని వీరుణ్ణి చేయనక్కరలేదు, దేశద్రోహినీ చేయనక్కరలేదు. ఆకలి అతన్ని పటాలంలో చేర్చింది. పటాలం అతని చేత ఇంకొకరి ఆకలిని కాపలా కాయించింది. గట్టుచాటున తుపాకి పట్టుకొని కూర్చున్న ఆ నిమిషంలో, ఎవరిని కాల్చాలా అని అతని మనసులో మెదిలిన ప్రశ్నను పట్టుకోగలిగితే చాలు. ఆట తయారుచేసినవాళ్ళు అంకెల్లో పెట్టలేక వదిలేసింది ఆ ప్రశ్ననే.